నల్ల ఓడలు వచ్చే రేవు

సంపాదకులుగారు ఫోన్ చేసి "ఈ నెల యాత్రా వ్యాసం మీ వంతు" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఈ వేసవిలో మేం ఎక్కడికీ పోలేదు. పాత యాత్రల గురించి రాద్దామంటే నయాగరా అయిపోయింది, గ్రాండ్ కాన్యన్ అయిపోయింది, పిట్స్‌బర్గ్ గుడి గురించి చెప్పనే అక్కర్లేదు. "ఏదో ఒక వూరు చూడండి సార్, ఎవరూ చూడనిది" అని ఆయన ఫోన్ పెట్టేశారు. సరే, ఎవరూ చూడని వూరే చూపిస్తాను. వీసా అక్కర్లేదు, టిక్కెట్టు అక్కర్లేదు, దారిలోకి పులిహోర పొట్లాలు కట్టుకోనక్కర్లేదు. నిద్ర పడితే చాలు. నేను మాత్రం మా మనవరాలి వెంట వెళ్ళాను.

ఆ వూరి పేరు డైలాత్-లీన్. అట్లాసులో వెతక్కండి. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ రచయిత 1926-27 చలికాలంలో ఒక చిన్న నవల రాశాడు. పేరు ‘ది డ్రీమ్ క్వెస్ట్ ఆఫ్ అన్‌నోన్ కడత్’. రాసిన చిత్తుప్రతిని దిద్దుకోనూ లేదు, అచ్చుకి పంపనూ లేదు. 1937లో ఆయన పోయాక, 1943లో గాని అది వెలుగు చూడలేదు. అందులో కలల దేశం ఒకటి వుంది. ఆ దేశంలో దక్షిణ సముద్రం ఒడ్డున వున్న పెద్ద రేవు పట్నమే ఈ డైలాత్-లీన్.

మా మనవరాలికి పధ్నాలుగేళ్ళు. సెలవుల్లో రెండు వారాలు మా దగ్గర వుండటానికి వచ్చింది. సోఫా మీద కాళ్ళు పైకీ తల కిందికీ పెట్టుకుని ఆ పుస్తకం చదువుతూ, మధ్య మధ్య "తాతయ్యా, ఇది విను" అని నాకు చదివి వినిపించేది. నేను చిన్నప్పుడు మా నాన్నమ్మ దగ్గర కాశీమజిలీ కథలు విన్నవాణ్ణి. రాక్షసులంటే నాకు కొత్తేమిటి అనుకుంటూ వినటం మొదలుపెట్టాను.

ముందు దారి చెబుతాను. తేలిక నిద్రలో డెబ్భై మెట్లు దిగితే ఒక గుహ వస్తుంది. మధ్యలో మంట మండుతూంటుంది, గడ్డాల పూజారులిద్దరు కూర్చుని వుంటారు. వాళ్ళ అనుమతి తీసుకుని ఇంకో ఏడు వందల మెట్లు దిగాలి. అప్పుడు గాఢనిద్ర ద్వారం. అది దాటితే మాయల అడవి. అడవి దాటాక స్కాయ్ అనే నది, నది పక్కన పల్లెలు, పొలాలు. దారిలో ఉల్తార్ అనే వూరు తగులుతుంది. ఆ వూళ్ళో పిల్లిని చంపటం నేరం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. మా ఆవిడకి పిల్లులంటే గిట్టదు, "ఆ వూరికి నేను రాను" అని అప్పుడే చెప్పేసింది.

కథానాయకుడు రాండాల్ఫ్ కార్టర్ బోస్టన్ వాడు. కలలో మూడుసార్లు ఒక అద్భుతమైన నగరాన్ని చూశాడు. సాయంకాలపు ఎండలో బంగారంలా మెరిసే మేడలు, మెట్లు, ఫౌంటెన్లు. మూడుసార్లూ అందులో అడుగు పెట్టబోయేలోగా మెలకువ వచ్చేసింది. ఆ నగరం ఎక్కడుందో దేవతల్ని అడుగుదామని బయల్దేరాడు. దేవతలుండేది కడత్ అనే కొండ మీద. దాని దారి ఎవరికీ తెలియదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఒక దీవికి వెళ్ళాలని తెలుసుకుని, ఆ దీవి ఓడలు డైలాత్-లీన్‌కి వస్తాయని విని, ఉల్తార్ నుంచి వర్తకుల బిడారుతో కలిసి నది పక్కనే ఆరు రోజులు ప్రయాణం చేశాడు. గంటలు మోగుతూంటే, కొన్ని రాత్రులు జాలరుల పల్లెల్లో సత్రాల్లోనూ, కొన్ని రాత్రులు ఆరుబయటా పడుకుంటూ. ఏడో రోజున ఎదురుగా పొగ కనిపించింది. పొగ వెనక నల్లటి బురుజులు.

వూరంతా నల్లరాయి. బసాల్ట్ అంటారే, అది. సన్నగా, కోణాలు కోణాలుగా లేచిన బురుజులు. ఐర్లండులో జెయింట్స్ కాజ్‌వే చూసినవాళ్ళు మనలో వుండే వుంటారు. దూరం నుంచి అచ్చం ఆ రాళ్ళ గుంపులాగే వుంటుందట. వీధులు చీకటిగా, రమ్మని పిలవనట్టుగా వుంటాయి. రేవు నిండా వార్ఫులు, వాటి దగ్గర దిగులుగొలిపే సారా కొట్లు. ప్రతి దేశపు నావికులూ అక్కడ తగులుతారు. ఈ భూమ్మీదివాళ్ళు కానివాళ్ళు కూడా కొందరు వుంటారని గుసగుస.

సరుకుల సంగతి చెబితే గాని రేవు సంగతి తెలియదు. కార్టర్ ఎదురుచూస్తున్న దీవి ఓడ వచ్చినప్పుడు అందులోంచి దిగినవి సువాసనల బంక, సున్నితమైన మట్టిపాత్రలు, కొండ లావా మీద చెక్కిన చిన్న బొమ్మలు. బదులు ఎక్కినవి ఉల్తార్ ఉన్ని, హతేగ్ అనే వూళ్ళో నేసిన రంగులు మారే బట్టలు, నదికి అవతల పార్గ్‌లో నల్లవాళ్ళు చెక్కిన దంతపు పనితనం. వినటానికి ఎంత బాగుంది! మన మచిలీపట్నం బందరు రోజుల లెక్కల పుస్తకం చదువుతున్నట్టు వుంది.

అయితే ఆ రేవుకి వచ్చే ఓడలు అన్నీ ఇలాంటివి కావు. నల్ల ఓడలు కూడా వస్తాయి. మూడు వరసల తెడ్లు. ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు. వాటిలోంచి దిగే వర్తకులు కెంపులు అమ్ముతారు. కలల దేశంలో ఏ గనిలోనూ దొరకని కెంపులు. ఆ వర్తకుల నోళ్ళు మరీ వెడల్పు. తలపాగాలు నుదుటికి పైన రెండు చోట్ల ఎత్తుగా లేచి వుంటాయి. బూట్లు మరీ పొట్టిగా, వింతగా వుంటాయి. అన్నిటికన్నా వూరివాళ్ళని భయపెట్టేది ఏమిటంటే తెడ్లు వేసేవాళ్ళెవరో ఒక్కసారీ కనబడలేదు. ఓడ వారాల తరబడి రేవులో వుంటుంది, వర్తకులు మాత్రమే దిగుతారు, తెడ్లవాళ్ళు ఒక్కరూ ఒడ్డుకి రారు. పైగా ఓడలోకి తిండి సరుకు చిటికెడు కూడా ఎక్కదు. కిరాణా కొట్లవాళ్ళకీ, మాంసం కొట్లవాళ్ళకీ ఆ ఓడల వల్ల దమ్మిడీ వ్యాపారం లేదు. కెంపులకి బదులు ఆ వర్తకులు తీసుకునేవి రెండే. ఒకటి బంగారం. రెండోది పార్గ్ నుంచి తెచ్చిన నల్ల బానిసలు. వాళ్ళని తూకం వేసి, పౌను లెక్కన కొంటారు.

ఇక ఆ ఓడల మీదనుంచి గాలి వీస్తే వచ్చే కంపు. ఘాటైన పొగాకు లాంటిదేదో కాలుస్తూ కూర్చుంటే గాని రేవులో గట్టివాళ్ళు కూడా తట్టుకోలేరు. మన కథల్లో రాక్షసుడు ఇంట్లోకి అడుగు పెడుతూనే "నరవాసన, నరవాసన" అంటాడు. అదంతా రాక్షసుడి ముక్కు కథ. ఇక్కడ మనుషులే ముక్కు మూసుకుని రాక్షసవాసన పీలుస్తున్నారు. అయినా రేవులోకి రావద్దని ఎవరూ అనరు. కెంపులు అంత బాగుంటాయి.

ఇక్కడిదాకా చదివి మా మనవరాలు పుస్తకం మూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "తాతయ్యా, మనం ఆ తలపాగాలవాళ్ళమా?" అంది.

నేను నవ్వేశాను. నవ్వి, ఆ రాత్రి నిద్ర పట్టక చాలాసేపు మేలుకుని వున్నాను.

1979లో మేం మొదట అద్దెకున్న అపార్టుమెంటులో, చేరిన మూడో వారానికి తలుపు కింద నుంచి ఒక కాగితం వచ్చింది. వరండాలోకి మా వంట వాసన వస్తోందనీ, మిగతావాళ్ళు ఇబ్బంది పడుతున్నారనీ, సర్దుకోవలసిందనీ. చాలా మర్యాదగా రాశారు. ఆ రోజు మేం చేసుకున్నది ఇంగువ పోపు పెట్టిన చారు మాత్రమే. ఆ కాగితం చూసి మా ఆవిడ ఆ చలికాలమంతా పోపు పెట్టలేదు. పెట్టినా కిటికీ తెరిచి పెట్టేది. బయట మంచు, లోపల పోపు. ఇంకో సంగతి. ఆ రోజుల్లో మేం ఆ వూరి కొట్లలో పాలూ బంగాళాదుంపలూ తప్ప ఏం కొన్నాం? మాంసం కొట్టువాడు మా మొహం చూసి ఎరగడు. పచ్చళ్ళూ పొడులూ ఇండియా నుంచి సూట్‌కేసుల్లో వచ్చేవి. ఓడలోకి చిటికెడు తిండి సరుకు ఎక్కించని వర్తకులు! కార్టర్ డైలాత్-లీన్‌లో కూర్చుని ఒక కంటితో కనిపెడుతున్నది మమ్మల్నే అనుకోవటానికి మనవరాలికి వచ్చిన అనుమానం, ఆలోచిస్తే, అంత తీసేయదగ్గది కాదు.

లవ్‌క్రాఫ్ట్ ఎవరో తెలుసుకుంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఆయన 1890లో రోడ్ ఐలండు రాష్ట్రంలో ప్రావిడెన్స్ నగరంలో పుట్టాడు. పుట్టిన ఇల్లు తాతగారిది, పెద్ద ఇల్లు. 1904లో తాత పోయాడు, డబ్బు పోయింది, ఇల్లు పోయింది. కుర్రవాడికి పదమూడేళ్ళు. ఆ దెబ్బ నుంచి ఆయన చివరిదాకా తేరుకోలేదు. 1924లో సోనియా గ్రీన్ అనే ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని న్యూయార్క్ వెళ్ళాడు. ఆవిడ యూక్రెయిన్‌లో పుట్టి, చిన్నప్పుడే వలస వచ్చిన యూదురాలు. ఆయన న్యూయార్క్‌లో వున్నదంతా వలస వచ్చినవాళ్ళ మీద మండిపడుతూ వున్నాడు. ఉద్యోగం దొరకలేదు. బ్రూక్లిన్‌లో అద్దెగదిలో దొంగలు పడి వున్న సూట్లు ఎత్తుకుపోయారు. 1925లో ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ అని ఒక కథ రాశాడు. అందులో ఓడరేవు పక్కన బతికే పరదేశి జనమంతా పిశాచపూజలు చేసేవాళ్ళే. చదవటానికి నాకు మనసొప్పలేదు, సగంలో ఆపేశాను. 1926 ఏప్రిల్‌లో ఒక్కడే ప్రావిడెన్స్ తిరిగొచ్చాడు. ఆ ఏడాదే ఈ నవల మొదలుపెట్టాడు.

ఆ సంవత్సరాలు ఎలాంటివో మనవాళ్ళు తెలుసుకోవాలి. 1923లో సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో హిందూదేశం వాళ్ళు పౌరులు కావటానికి వీల్లేదని తేల్చింది. 1924 చట్టం ఆసియా నుంచి వలసకి తలుపు దాదాపుగా మూసేసింది. మనలాంటివాళ్ళం రావటానికి 1965 దాకా ఆగాలి. అంటే లవ్‌క్రాఫ్ట్ రాస్తున్న రోజుల్లో నల్ల ఓడలు రేవులోకి రాకుండా నిజంగానే గొలుసు వేశారు. ఇవాళ ఆయన రాతల్లోని ఈ విషం గురించి ఆయన అభిమానులే మాట్లాడుతున్నారు. వరల్డ్ ఫాంటసీ అవార్డు కింద ఇచ్చే ఆయన తలబొమ్మని కూడా 2015 తర్వాత మార్చేశారు.

మనవరాలికి ఇదంతా చెప్పాను. పుస్తకం అటకెక్కిస్తుందేమో అనుకున్నాను. అది, "మిగతా కథ కూడా వినాలి నువ్వు, సగం విని తీర్పు చెప్పకూడదు" అంది. లాయరయ్యే లక్షణాలున్నాయి.

మిగతా కథ త్వరగా చెబుతాను. సారా కొట్టులో ఆ తలపాగా వర్తకుడొకడు కార్టర్‌కి ఒకే కెంపులో తొలిచిన సీసాలోంచి ద్రాక్షసారా ఇస్తాడు. ఒక్క చుక్క తాగగానే స్పృహ పోతుంది. తెలివొచ్చేసరికి నల్ల ఓడలో వున్నాడు. ఓడ పడమటి స్తంభాల మధ్యనుంచి దూకి, ఆకాశంలోకి ఎగిరి, చంద్రుడి వెనకవైపుకి చేరుతుంది. కనబడని తెడ్లవాళ్ళు అప్పుడు కనబడతారు. కప్పల్లాంటి, తెల్లగా జెల్లీలా కదిలే, కళ్ళు లేని జంతువులు. తలపాగాల కింద వున్నవి కొమ్ములు. బూట్లు పొట్టిగా వున్నది కాళ్ళు గిట్టలు కాబట్టి. అంటే ఆ వర్తకులు కూడా ఆ కప్పలకి బానిసలే, బజారుకి పంపే ముసుగులు. కార్టర్‌ని ఊరేగింపుగా పట్టుకుపోతూంటే పిల్లులు, రాత్రివేళ భూమ్మీది డాబాల పైనుంచి చంద్రుడి మీదికి దూకే పిల్లులు, వేలకు వేలు వచ్చి విరుచుకుపడి విడిపించి, మళ్ళీ డైలాత్-లీన్ సత్రంలో అతని గదికే చేరుస్తాయి. ఉల్తార్‌లో ఒక పిల్లిపిల్లకి మీగడ పెట్టిన పుణ్యం.

ఇక్కడ అసలు సంగతి వుంది. తిరిగొచ్చిన కార్టర్ దీవి ఓడ వచ్చేదాకా అదే వూళ్ళో వుండి, కనబడినవాళ్ళందరికీ చెబుతాడు. మీరు ఎవరితో వ్యాపారం చేస్తున్నారో తెలుసా, ఆ తెడ్లు వేసేది ఎవరో తెలుసా, అని. జనం వింటారు, నమ్ముతారు కూడా. కాని రత్నాల వర్తకులకి ఆ కెంపుల మీద ఎంత మోజంటే, నల్ల ఓడలతో బేరం మానేస్తామని గట్టిగా మాటిచ్చేవాడు ఒక్కడూ వుండడు. ఆ వూరికి ఎప్పటికైనా చేటు వస్తే తప్పు తనది కాదనుకుని కార్టర్ ఓడెక్కుతాడు.

"చూశావా తాతయ్యా, రాక్షసులెవరో" అంది మనవరాలు.

ఆ ఆదివారం ముగ్గురం కారులో ప్రావిడెన్స్ వెళ్ళాం. మాకు గంట దూరం. ఇన్నేళ్ళుగా న్యూయార్క్ పోతూ ఆ వూరి మీదుగా వెళ్ళటమే గాని ఎప్పుడూ ఆగలేదు. కాలేజ్ హిల్ అనే గుట్ట మీద పాత ఇళ్ళు. లవ్‌క్రాఫ్ట్ ఈ నవల రాసిన బార్న్స్ వీధి పదో నెంబరు ఇల్లు ఇంకా వుంది. చెక్క ఇల్లు, అందులో ఎవరో కాపురముంటున్నారు కాబట్టి బయటనుంచే చూసి వచ్చాం. అక్కడికి దగ్గర్లో ప్రాస్పెక్ట్ టెర్రస్ అని చిన్న పార్కు. పడమటి వైపు కిందంతా వూరు. నడిబొడ్డున తెల్లని గోపురంతో స్టేట్ హౌసు. మొదట ఈ వూరిని 1636లో స్థాపించిన రోజర్ విలియమ్స్ విగ్రహం ఆ పిట్టగోడ దగ్గర నిలబడి వూరి వైపు చూస్తూ వుంటుంది. ఎవరి నమ్మకం వాళ్ళదే అన్నందుకు మాసచూసెట్స్ నుంచి వెళ్ళగొడితే, తనలాంటివాళ్ళకి దిక్కుగా వుంటుందని ఆయన ఈ వూరు పెట్టాడు.

స్టేట్ హౌసు కింద రైలు స్టేషను. 2001 సెప్టెంబర్ 12న, అంటే న్యూయార్క్ జంట భవనాలు కూలిన మర్నాడు, బోస్టన్ నుంచి వచ్చే రైలుని ఆ స్టేషన్లో ఆపి, తలపాగా పెట్టుకున్న ఒక సిక్కు యువకుణ్ణి పోలీసులు బేడీలు వేసి దింపేశారు. ఆ బొమ్మ దేశమంతా టీవీల్లో చూపించారు. అతని దగ్గర దొరికింది సిక్కులు పెట్టుకునే కృపాణం. తర్వాత కేసు ఎత్తేశారు. ఆ బొమ్మ నేను కూడా చూశాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేముందు అద్దంలో మొహం చూసుకుని, గడ్డం తీసేశాను. నాది చిన్న గడ్డమే. ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పార్కులో మనవరాలికి చెప్పాను.

తర్వాత గుట్ట దిగి రేవుకి వెళ్ళాం. అక్కడ ఇండియా పాయింట్ అని ఒక పార్కు వుంది. పేరు మన ఇండియాదే, ఈస్టిండీస్, వెస్టిండీస్ వ్యాపారం జరిగిన చోటు కాబట్టి. 1787 డిసెంబరులో జాన్ బ్రౌన్ అనే షావుకారు వాళ్ళ ‘జనరల్ వాషింగ్టన్’ ఓడ ఈ వూరినుంచి బయల్దేరి, మద్రాసు, పాండిచ్చేరి చూసుకుని కాంటన్ దాకా పోయి 1789లో తిరిగొచ్చింది. మన కోరమండల్ తీరానికి ప్రావిడెన్స్ నుంచి వచ్చిన తొలి ఓడల్లో అది ఒకటి. అంటే మనం ఇక్కడికి రాకముందే వాళ్ళు మన రేవుల్లో దిగి, పొట్టి బూట్లో పొడుగు బూట్లో వేసుకుని, బేరాలాడారు. మనవాళ్ళు వాళ్ళ టోపీల గురించి ఏమనుకున్నారో ఎవరూ నవల రాయలేదు.

ఆ సరుకులు దాచిన ఇటిక గిడ్డంగులు సౌత్ వాటర్ వీధిలో వరసగా వుండేవి. 1929లో వాటిని కూల్చేస్తామన్నారు. అడ్డుపడ్డవాళ్ళలో లవ్‌క్రాఫ్ట్ ఒకడు. ‘ది ఈస్టిండియా బ్రిక్ రో’ అని వాటి మీద కవిత రాశాడు, 1930 జనవరిలో అక్కడి పత్రికలో అచ్చయింది. గిడ్డంగులు దక్కలేదు. చూడండి ఈ మనిషిని. తూర్పుదేశపు సరుకు దాచిన గోడల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సరుకు నేసినవాడు వీధిలో ఎదురైతే మాత్రం తలపాగా కింద కొమ్ములు కనబడ్డాయి.

ఆ గిడ్డంగుల ధనం ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. జాన్ బ్రౌన్, అతని ముగ్గురు అన్నదమ్ములు కలిసి 1764లో ‘శాలీ’ అనే ఓడని పశ్చిమ ఆఫ్రికాకి పంపారు. ఓడలో ఎక్కింది రమ్ము సారా. దిగాల్సింది మనుషులు. కెప్టెన్ కొన్నది 196 మందిని. వాళ్ళలో కనీసం 109 మంది చనిపోయారు. కెప్టెన్ రాసుకున్న చిట్టా పుస్తకం ఇప్పటికీ వుంది. ఆ కుటుంబం పేరే పెట్టుకున్న బ్రౌన్ యూనివర్సిటీ ఈ చరిత్ర అంతా తవ్వి 2006లో తనే నివేదిక అచ్చువేసింది. ‘శాలీ’ తర్వాత నలుగురిలో మోజెస్ అనే తమ్ముడి మనసు మారింది. 1773లో తన బానిసల్ని విడుదల చేశాడు. అన్న జాన్‌ని మానమని బతిమాలాడు, పత్రికల్లో వాదించాడు. అన్న మానలేదు. చివరికి 1794లో వచ్చిన కొత్త చట్టం కింద 1797లో జాన్ బ్రౌన్‌ని కోర్టుకి లాగి, ‘హోప్’ అనే అతని ఓడని జప్తు చేశారు. డైలాత్-లీన్‌లో వీధి వీధీ తిరిగి చెప్పిన కార్టర్ ఈ వూళ్ళో నిజంగానే పుట్టాడు, పేరు మోజెస్ బ్రౌన్. ఆయనా పూర్తిగా కడిగిన ముత్యమేమీ కాదు, తర్వాత పెట్టుబడి పెట్టిన నూలు మిల్లులకి దక్షిణాది బానిసలు తీసిన పత్తే వచ్చేది.

లవ్‌క్రాఫ్ట్ ఇదంతా మనసులో పెట్టుకుని ఆ నల్ల వూరిని కట్టాడని నేననను. పార్గ్ మనుషుల్ని తూకం వేసి అమ్మటం గురించి రాస్తూ ఆయన ఎక్కడా కంట తడి పెట్టలేదు. వాళ్ళకి ఒక్క మాట కూడా ఇవ్వలేదు. కాని దంతం మీద అంత పనితనం చూపించేవాళ్ళూ, పౌను లెక్కన అమ్ముడయ్యేవాళ్ళూ ఒకే వూరివాళ్ళని, కొన్ని పేజీల తేడాతో, ఆయన చెయ్యే రాసింది. ఆ గుట్ట మీద పెరిగినవాడికి రేవు అంటే ఏమిటో ఎముకల్లో వుండి వుంటుంది.

అలా ఇండియా పాయింట్ దగ్గర బెంచీ మీద కూర్చుని షావుకార్ల మీద తీర్పులు చెబుతూంటే నాకు మా వూరు గుర్తొచ్చింది. మాది చీరాల దగ్గర. ఇంట్లో మగ్గం లేదు గాని, వీధిలో సగం ఇళ్ళలో వుండేవి. 17, 18 శతాబ్దాల్లో కోరమండల్ తీరంలో నేసిన నూలుగుడ్డని యూరప్ కంపెనీలు ఓడలకెత్తి పశ్చిమ ఆఫ్రికా తీసుకెళ్ళేవి. అక్కడ ఆ గుడ్డ ఇచ్చి మనుషుల్ని కొనేవి. దానికి గినీ గుడ్డ అనే పేరే పడింది. నేసినవాడికి తన తాను ఎక్కడికి పోతుందో తెలియదు. తెలిసిన దుబాసీలు ఏమన్నారో నాకు తెలియదు. ఈ కథలో నేను తలపాగా వర్తకుణ్ణా, వూరి రత్నాల వర్తకుణ్ణా అని కాసేపు తేల్చుకోలేకపోయాను.

మనవరాలు మాత్రం ఇంకో సంగతి అడిగింది. "మన వూరి రేవులో పరదేశి ఓడలొస్తే ఏం చేసేవాళ్ళు?" అని. అదృష్టవశాత్తూ దీనికి నా దగ్గర జవాబుంది. చీరాలకి దగ్గర్లోనే మోటుపల్లి. ఇప్పుడు చిన్న పల్లెటూరు, ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడ వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం వుంది. ఏ దేశం నుంచి వచ్చిన ఓడ వర్తకులకైనా అభయం ఇస్తున్నాను అన్నాడు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో వున్నదంతా, ఏనుగులూ గుర్రాలూ రత్నాలూ, బలవంతంగా లాగేసుకునేవారట. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప పైసా తీసుకోను అని రాయి మీద చెక్కించాడు. మా చిన్నప్పుడు స్కూలు వాళ్ళు ఎడ్లబళ్ళ మీద అక్కడికి తీసుకెళ్ళారు. నాకు శాసనం గుర్తులేదు. చింతచెట్టు కింద తిన్న దద్దోజనం గుర్తుంది. గణపతిదేవుడిది కూడా కొంత వ్యాపారమే అనుకోండి, ఓడలు రాకపోతే సుంకం ఎక్కణ్ణుంచి వస్తుంది? కాని వచ్చినవాడి తలపాగా సంగతి ఆ రాయి మీద ఎక్కడా లేదు.

సాయంత్రం మళ్ళీ ప్రాస్పెక్ట్ టెర్రస్‌కి వచ్చాం. మనవరాలి పట్టుదల. నవల చివర్లో కార్టర్‌కి తను వెతుకుతున్న బంగారు నగరం ఏమిటో తెలుస్తుంది. అది ఏ దేవతలదీ కాదు. చిన్నతనంలో తను చూసి ప్రేమించినవన్నీ, బోస్టన్ గుట్ట మీద ఇళ్ళ కప్పులు, సాయంత్రం కిటికీల్లో ఎండ, న్యూ ఇంగ్లండు పల్లెలు, అన్నీ కలిసి కట్టుకున్న వూరు. దేవతలు కూడా కడత్ కొండ వదిలేసి, బాగుంది కదా అని అందులో కాపురం పెట్టారు. పదమూడేళ్ళకి ఇల్లు పోగొట్టుకున్నవాడు రాసిన మాట ఇది. ఇక్కడ మాత్రం ఆయన మీద నాకు కోపం నిలవలేదు. మా చీరాల ఇల్లు 1991లో అమ్మేశాం. కొన్నాయన మంచివాడే. పడగొట్టి డాబా వేశాడు. దాని వీధరుగు నాకు వారానికి ఒకసారైనా కలలో వస్తుంది.

స్టేట్ హౌసు వెనక ఎండ దిగుతోంది. కింద కిటికీలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. "నీ వూళ్ళో ఏముంటాయే?" అని అడిగాను. అది చాలాసేపు ఆలోచించింది. "మీ బేస్‌మెంటు. అమ్మమ్మ ఆవకాయ కలిపేటప్పుడు కింద పరిచే పాత దుప్పటి. మీ కిచెన్ కిటికీ, చలికాలంలో కూడా ఎందుకో తెరిచి వుంటుంది కదా, అది" అంది.

మా ఆవిడ అటు తిరిగి స్టేట్ హౌసు చూస్తున్నట్టు నిలబడింది.

తిరిగి వచ్చేసరికి రాత్రి పది దాటింది. పక్కింటివాళ్ళ నల్లపిల్లి మా మెట్ల మీద కూర్చుని వుంది. రోజూ అయితే మా ఆవిడ చీపురు తీసేది. ఆ రోజు లోపలికి వెళ్ళి, చిన్న గిన్నెలో పాలు తెచ్చి మెట్టు మీద పెట్టి, "ఎందుకైనా మంచిది లెండి" అంది.